చుట్ట, బీడీ, ఖైనీ: సిగరెట్టు ఒక్కటే చూస్తే తేలని లెక్క

(స్మారకోపన్యాస పాఠం)



పొగాకు నియంత్రణ మీద ఈమధ్య వచ్చిన పరిశోధనలు, గణాంకాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ ఉపన్యాసం ఎవరి స్మారకంగా జరుగుతోందో ఆ డాక్టరుగారికి అంకెలంటే గౌరవమే గానీ, అంకెలు గుప్పించి చప్పట్లు కొట్టించుకునేవాళ్లంటే ఒళ్లుమంట. కాలినొప్పితో వచ్చిన మనిషినైనా సరే, ఆయన ముందు నోరు తెరవమనేవారు. జేబులోంచి టార్చి తీసి నాలుక, బుగ్గలు, అంగిలి చూశాకే కాలి సంగతి. ఈ ప్రాంతంలో పనిచేసిన వైద్యుడికి ఆ అలవాటు ఎందుకొచ్చిందో వివరిస్తే నా ఉపన్యాసంలో సగం అయిపోయినట్టే. మిగతా సగానికి కొంత అర్థశాస్త్రం, కొంత రాజకీయం కావాలి.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పొగాకు అనగానే మనకు కళ్లముందు కనబడేది సిగరెట్టు. సినిమాలో తెర అడుగున వేసే హెచ్చరికా, బడ్జెట్ రోజు టీవీలో చూపించే ధరల పట్టికా, కాలేజీ పిల్లలకు పెట్టే వ్యాసరచన పోటీ, అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మన దేశంలో పొగాకు వల్ల చచ్చిపోతున్నవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది మాత్రం సిగరెట్టు కాదు.

మొదట మన ఉత్తరాంధ్ర సంగతి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరపు ఊళ్లలో ముసలమ్మలు చుట్టను తిరగేసి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం ఇక్కడ కూర్చున్న పెద్దలందరూ చూసే ఉంటారు. అడ్డపొగ అంటారు, అడ్డచుట్ట అనీ అంటారు. బయటివాళ్లకు ఇది గారడీలా కనబడుతుంది. కాల్చేవాళ్లకు మాత్రం అందులో వింతేమీ లేదు. వేటకు వెళ్లే జాలరికి సముద్రపు గాలిలో, నీటి తుంపరలో చుట్ట ఆరిపోకూడదు. ఆడవాళ్లకైతే నాట్లలో, కలుపుతీతలో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒళ్లో పిల్ల మీద నిప్పురవ్వ పడకూడదు. పెదవుల తడి తగులుతుంటే చుట్ట నెమ్మదిగా కాలుతుంది, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది. కూలి డబ్బుల్లో చుట్టకు పెట్టేది తగ్గుతుంది. "ఏటవుద్ది బాబూ, మా యమ్మ కాల్చింది, మా అప్ప కాల్చింది" అంటే, ఆ మాటకు ఎదురు చెప్పడం మెడికల్ కాలేజీలో నేర్పరు.

టార్చి వేస్తే ఏం కనబడుతుందంటే, నోటి పైకప్పు గులాబీరంగు పోయి తెల్లగా, మందంగా, పగుళ్లుదేరి ఉంటుంది. ఆ తెలుపులో అక్కడక్కడ ఎర్రటి చుక్కలు. అవి లాలాజల గ్రంథుల నోళ్లు, వాచి ఎర్రబడినవి. కొందరికి నల్లటి మచ్చలు కూడా ఉంటాయి. అన్నిటికన్నా భయపడాల్సింది తెలుపు మధ్యలో పొర లేచిపోయి మెరిసే ఎర్ర మచ్చను చూసి. నొప్పి ఉండదు. నొప్పి లేదు గనక ఎవరూ ఆసుపత్రికి రారు. చుట్ట కాలే కొస దగ్గర వేడి నోట్లోనే 120 డిగ్రీల సెల్సియస్ దాకా, అంగిలి మీద 58 డిగ్రీల దాకా పోతుందని కొలిచినవాళ్లు రాశారు. ఆ వేడి, దాంతోపాటు తారు, రెండూ ఏళ్ల తరబడి ఒకే చోట తగులుతుంటాయి.

గట్టి అంగిలికి కాన్సర్ రావడం ప్రపంచంలో చాలా అరుదు. పాఠ్యపుస్తకాల్లో దానికి నాలుగు వాక్యాలు దక్కితే గొప్ప. అలాంటిది విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రికి వచ్చే నోటి కాన్సర్లలో అంగిలివే పెద్ద భాగంగా ఉండేవి. ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులు దీన్ని తొందరగానే గమనించారు. 1937లోనే కినీ, సుబ్బారావు విశాఖ కాన్సర్ కేసుల మీద రాశారు. 1957లో డి. గోవిందరెడ్డి, వి.కె. రావు నిప్పు లోపల పెట్టుకుని చుట్ట కాల్చడం వల్ల కోస్తాంధ్రలో అంగిలి కాన్సర్ వస్తోందని అదే మాట శీర్షికగా పెట్టి వ్యాసం ప్రచురించారు. తేదీలు గమనించండి. ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ సిగరెట్టుకూ ఊపిరితిత్తుల కాన్సర్‌కూ లంకె చూపించింది 1950లో. పొగతాగడం మీద అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964 జనవరిలో వచ్చింది. పొగాకు పరిశోధన చరిత్ర అంటే లండన్, వాషింగ్టన్ అనే చదువుకున్నాం. విశాఖ పేరు ఆ చరిత్రలో ఉండాల్సింది. మన విద్యార్థులకు మనమే చెప్పలేదు, ఇంకెవరో చెప్పలేదని అనుకోవడం దేనికి?

ఆసుపత్రికి వచ్చినవాళ్లను చూసి ఊరి లెక్క చెప్పలేం. అందుకు ఊళ్లోకే వెళ్లాలి. 1966, 67లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం నుంచి ఫలీ మెహతా, కోపెన్‌హాగెన్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్, వాళ్లతో ప్రకాశ్ గుప్తా వంటివారు కలిసి ఆ పని చేశారు. గుజరాత్‌లో భావ్‌నగర్, బీహార్‌లో దర్భంగా, అప్పటి బీహార్‌లోనే ఉన్న సింగ్‌భూమ్, కేరళలో ఎర్నాకుళం, మన శ్రీకాకుళం. ఐదు జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి 50,915 మంది నోళ్లు పరీక్షించారు. అమెరికా నుంచి పీఎల్-480 ఆహార ఒప్పందాల కింద మనం కొన్న గోధుమల డబ్బులో కొంత ఈ పరిశోధనకు వచ్చింది. అదే ఒప్పందాల కింద అమెరికా తన పొగాకును కూడా లోకం మీదికి ఎగుమతి చేసుకునేది. చరిత్రకు ఇలాంటి వెటకారాలు అలవాటే.

శ్రీకాకుళం వంతు 10,169 మంది. ఆ లెక్క విడిగా 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కాన్సర్‌లో వచ్చింది. చూసినవాళ్లలో 43.8 శాతం అడ్డపొగ తాగేవాళ్లు. వందకు నలభై నాలుగు! మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ. పొగతాగడం మగవాడి అలవాటు అని దేశమంతా అనుకుంటున్న రోజుల్లో ఈ జిల్లా ఆ లెక్కను తలకిందులు చేసింది. తర్వాత ఏళ్ల తరబడి ఆ ఊళ్లకే మళ్లీ మళ్లీ వెళ్లారు. అడ్డపొగ తాగే ఆడవాళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే హాని అంగిలితో ఆగడం లేదన్నమాట.

అంతవరకూ రోగం లెక్క. ఆపైన చేసిన పని నాకు ఇంకా విలువైనదిగా కనబడుతుంది. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లను తీసుకుని, నోరు పరీక్షించిన ప్రతిసారీ డాక్టరు ఎదురుగా కూర్చుని మానమని చెప్పాడు. ఊళ్లో సినిమాలు వేశారు, బొమ్మలు చూపించారు, పోస్టర్లు అంటించారు. ఏ ఊరికి ఏ మాట పనికొస్తుందో మీరా ఆఘీ అనే శాస్త్రవేత్త ఆలోచించి రూపొందించారు. సలహా లేని పాత అధ్యయనంతో పోల్చి చూస్తే, మానేసినవాళ్లూ బాగా తగ్గించినవాళ్లూ ఈసారి ఎక్కువ. 1986లో లాన్సెట్ దీన్ని అచ్చువేసింది. చదువురాని పల్లెటూరి జనం చెబితే వింటారా అన్న ప్రశ్నకు అప్పుడే జవాబు దొరికింది. చెబితే వింటారు. ఎవరో ఒకరు వెళ్లి, కూర్చుని, వాళ్ల నోరు వాళ్లకే అద్దంలో చూపించి చెప్పాలి.

ఇక దేశం లెక్కకు వద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో పొగాకు వాడే పెద్దవాళ్లు ఇప్పుడు సుమారు 120 కోట్లు. 2000లో 138 కోట్లు ఉండేవాళ్లు. జనాభా పెరిగినా తగ్గిందంటే నియంత్రణ పనిచేస్తోందనే అర్థం. మన దేశంలో పెద్ద సర్వే గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే, క్లుప్తంగా గ్యాట్స్. 2009-10లో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 34.6 శాతం పొగాకు వాడేవాళ్లు. 2016-17లో 74,037 మందిని అడిగితే అది 28.6 శాతానికి దిగింది. మొత్తం వాడేవాళ్లు 26 కోట్ల 68 లక్షలు. పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల వయసులో 18.4 నుంచి 12.4కు తగ్గింది. ఇది మంచి వార్త, దాన్ని మంచి వార్తగానే తీసుకుందాం. ప్రతి అంకెలోనూ ప్రళయం వెతికే ఉపన్యాసకులను డాక్టరుగారు భరించేవారు కాదు.

ఆ 28.6 శాతం ఏం వాడుతున్నారో విడదీసి చూడండి. ఖైనీ 11.2 శాతం. బీడీ 7.7 శాతం. గుట్కా 6.8. సిగరెట్టు 4 శాతం. సిగరెట్టు తాగే ఒక్కొక్కరికీ బీడీ తాగేవాళ్లు దాదాపు ఇద్దరు, ఖైనీ నమిలేవాళ్లు దాదాపు ముగ్గురు ఉన్నారు. మనం కళ్లెర్రజేసి చూస్తున్నది ఆ నాలుగు శాతాన్ని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సిగరెట్టు కంపెనీలవాళ్లు కూడా సరిగ్గా ఈ అంకెలే చూపిస్తారు. "మాది కొసరు, మా మీదే ఎందుకు పడతారు, మా పన్ను తగ్గించండి" అంటారు. అంకె ఒకటే, వాళ్లు తేల్చేదానికీ నేను తేల్చేదానికీ పొంతన లేదు. సిగరెట్టు మీద ఉన్న కట్టుదిట్టం మిగతావాటికి కూడా రావాలన్నదే నా వాదన.

మన రాష్ట్రాల మాటకొస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మగవాళ్లలో 22.6 శాతం, ఆడవాళ్లలో 3.8 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. తెలంగాణలో 22.3, 5.6. దేశ సగటు మగవాళ్లలో 38, ఆడవాళ్లలో 8.9. బాగానే ఉన్నాం అనిపిస్తుంది. కాని ఆ 3.8 అన్న సగటులో అనంతపురం కాలేజీ అమ్మాయీ ఉంది, సోంపేట దగ్గర సముద్రపు ఒడ్డున అరవై ఐదేళ్ల చేపలమ్మే ముసలమ్మా ఉంది. సగటు చెప్పేది ఇద్దరిలో ఎవరి గురించీ కాదు. రాష్ట్రానికి ఒక అంకె ఇచ్చే సర్వేతో అడ్డపొగ పట్టుబడదు. దానికి మళ్లీ మండలాలకు వెళ్లాలి, వయసులవారీగా లెక్క తీయాలి. 1966లో బొంబాయి, కోపెన్‌హాగెన్‌ల నుంచి వచ్చి చేసిన పనిని ఇక్కడే ఉన్న మన కాలేజీలు పదేళ్లకోసారైనా చేయాలి.

"మా తాత తొంభై ఏళ్లు బీడీ తాగాడు, ఏమైంది?" అని అడిగేవాళ్లు ప్రతి సభలోనూ ఉంటారు. ఈ సభలోనూ ఉండే ఉంటారు. వాళ్ల కోసం ఒక అధ్యయనం. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రభాత్ ఝా, సహచరులు ప్రచురించారు. దేశం నలుమూలలా 11 లక్షల ఇళ్లలో జరిగిన చావుల గురించి సిబ్బంది వెళ్లి అడిగారు. పోయిన మనిషి ఎలా పోయాడు, పొగతాగేవాడా, ఏది తాగేవాడు అని. చనిపోయిన 74,000 మందిని, బతికున్న 78,000 మందితో పోల్చారు. 30 నుంచి 69 ఏళ్ల మధ్య చనిపోతున్న మగవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరి చావుకు, ఆడవాళ్లలో ప్రతి ఇరవై మందిలో ఒకరి చావుకు పొగ కారణం. బీడీ తాగే మగవాడికి సగటున ఆరేళ్ల ఆయుష్షు తగ్గుతుంది, సిగరెట్టు తాగేవాడికి పదేళ్లు. బీడీ తాగే ఆడదానికి ఎనిమిదేళ్లు. తాగేది రోజుకు కొంచెమే అయినా చావు ముప్పు పెరుగుతూనే ఉంది.

ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువ ఆపింది కాన్సర్ కాదు, క్షయ. పొగతాగేవాళ్లు క్షయతో చనిపోయే ముప్పు తాగనివాళ్లకన్నా మగవాళ్లలో 2.3 రెట్లు, ఆడవాళ్లలో 3 రెట్లు. అంతకుముందు 2003లో గజలక్ష్మి, రిచర్డ్ పీటో తదితరులు తమిళనాడు మగవాళ్ల మరణాలు పరిశీలించి, అక్కడి క్షయ మరణాల్లో దాదాపు సగానికి పొగతో సంబంధం ఉందని లాన్సెట్‌లో రాశారు. లండన్ పుస్తకం చదివిన విద్యార్థికి పొగ అంటే ఊపిరితిత్తుల కాన్సర్, గుండెపోటు గుర్తొస్తాయి. మన టీబీ వార్డులో దగ్గుతూ పడుకున్న రోగి దిండు కింద బీడీ కట్ట ఉంటుంది. ఆరు నెలలు మందులు మింగించే వ్యవస్థ మనకు ఉంది. ఆ కట్ట గురించి అడిగే మనిషి ఉండడు.

ఇప్పుడు డబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జరిగిన అధ్యయనంలో 2017-18లో పొగాకు జబ్బుల వల్ల దేశానికి అయిన ఖర్చు, నష్టం కలిపి 1,77,341 కోట్ల రూపాయలని తేలింది. స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం పైమాటే. పొగాకు మీద వంద రూపాయల ఎక్సైజ్ వసూలైతే, దేశం మీద పడే భారం 816 రూపాయలు. "పొగాకు రాబడి లేకపోతే ఖజానా ఎలా?" అని అడిగేవాళ్లకు ఈ ఒక్క అంకె చాలు.

బీడీది ఇంకా ఘోరం. ఆర్థికవేత్త రిజో జాన్ 2017 సంవత్సరానికి బీడీ జబ్బుల ఖర్చు ఒక్కటీ లెక్కగట్టారు. 80,550 కోట్లు. ఆ ఏడాది దరిదాపుల్లో బీడీల మీద వచ్చిన ఎక్సైజ్ సుంకం 417 కోట్లు. ఒక రూపాయి వసూలుకు దాదాపు రెండువందల రూపాయల నష్టం. ఏ కిరాణా కొట్టు యజమాని అయినా ఈ చిట్టా చూస్తే కొట్టు మూసేస్తాడు.

జీఎస్టీ వచ్చాక సిగరెట్టు, బీడీ రెండింటి మీదా 28 శాతం వేశారు గానీ, సిగరెట్టు మీద వేసిన పరిహార సెస్సు బీడీ మీద వేయలేదు. దాంతో ధరలో పన్ను వంతు సిగరెట్టుకు సగం పైగా, బీడీకి ఐదో వంతుకు కాస్త ఎక్కువగా నిలిచింది. ధరలో 75 శాతం పన్ను ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనం రెండింటిలోనూ దానికి చేరలేదు, బీడీలో అయితే దరిదాపుల్లో లేం. అలాంటప్పుడు 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 28 నుంచి 18 శాతానికి దించాలని నిర్ణయించింది. ఇన్నేళ్ల పరిశోధన ఒకటి చెబుతుంటే విధానం ఎదురుదిశలో నడిచిందనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు దొరకలేదు.

ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళ్లాలి. ఒళ్లో చాట, చాటలో తడిపిన తునికాకు, చిన్న రేకు ముక్క పెట్టి కత్తెరతో ఆకును కొలతకు కత్తిరించడం, చిటికెడు తంబాకు వేసి చుట్టి, కొస మడిచి, దారం కట్టడం. అమ్మాయిలు బడి వయసులోనే నేర్చుకున్న పని. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు తక్కువిచ్చాడనీ, చుట్టినవాటిలో కొన్ని పనికిరావని పక్కకు తీశాడనీ టేకేదారుతో రోజూ పేచీ. మెడనొప్పి, నడుంనొప్పి, తంబాకు ఘాటుకు దగ్గు. తాగకుండానే పొగాకు హాని పొందేవాళ్లు వీళ్లు. దేశంలో ఇలాంటి కార్మికులు సుమారు యాభై లక్షలని ప్రభుత్వ లెక్క.

2003 పొగాకు చట్టంలో హెచ్చరికతోపాటు పుర్రె, ఎముకల గుర్తు కూడా ఉండాలన్నారు. కట్ట మీద పుర్రె గుర్తు వేస్తే బీడీలు కొనరు, మా నోటికాడ కూడు పోతుందని కార్మికులు రోడ్డెక్కారు. 2007లో సవరణ చేసి ఆ గుర్తు తప్పనిసరి కాదన్నారు. బొమ్మల హెచ్చరికలు చివరకు 2009 మే 31 నుంచి వచ్చాయి, ప్యాకెట్టులో 85 శాతం మేర ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమలైంది. ఆ మధ్యలో ఎన్ని వాయిదాలు, ఎన్ని కమిటీలు! పార్లమెంటు కమిటీలో బీడీ వ్యాపారం ఉన్న ఎంపీయే కూర్చుని పొగాకు హాని మీద సందేహాలు చెప్పిన రోజులు కూడా చూశాం.

కార్మికురాలి భయం అబద్ధం కాదు. ఆమె పేరు చెప్పి పన్ను తగ్గించడం మాత్రం అబద్ధం. ఇన్నేళ్లు బీడీ మీద పన్ను నామమాత్రంగా ఉంది, ఆ లాభం వెయ్యి బీడీల కూలిలోకి వచ్చిందా? తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను ఇస్తోంది. దేశంలో ఇది మంచి ఉదాహరణ. బీడీ పన్ను సిగరెట్టుతో సమానం చేసి, ఆ డబ్బును ఈ ఆడవాళ్ల పింఛనుకు, వేరే పనికి, పిల్లల చదువుకు కట్టబెట్టమని అడగాల్సింది మనం. నాకు తెలిసినంతలో ఆ మాట ఇంతవరకు డాక్టర్ల సంఘాలు అడగలేదు, కార్మిక సంఘాలు అడగలేదు. ఇద్దరూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నదీ లేదు.

రైతు గురించి రెండు మాటలు. పొగాకు బోర్డు గుంటూరులో ఉంది, పొగాకు పరిశోధనా సంస్థను 1947లో రాజమండ్రిలో పెట్టారు, వేలం కేంద్రాలు ఒంగోలు నుంచి జంగారెడ్డిగూడెం దాకా ఉన్నాయి. 2025లో బర్లీ పొగాకు ధర పడిపోయి కొనే నాథుడు లేక చివరకు మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. రైతును ముంచింది పొగాకు నియంత్రణ చట్టం కాదు, కంపెనీల మాట నమ్మి పెంచిన విస్తీర్ణం. నియంత్రణ అనగానే రైతును అడ్డుపెట్టేవాళ్లు ఆ సీజనులో ఎక్కడున్నారో ప్రకాశం జిల్లావాళ్లను అడగండి. ఇంతకన్నా లోతుగా మాట్లాడే యోగ్యత నాకు లేదు, వ్యవసాయశాస్త్రం తెలిసినవాళ్లు మాట్లాడాలి.

చట్టం ఊరి బడ్డీకొట్టు దాకా వచ్చేసరికి ఏమవుతుందో కూడా చూద్దాం. కొట్టు గుంజకు వేలాడే తాడు కొసన నిప్పు రాజుకుంటూ ఉంటుంది, లేదా లైటరు దారానికి కట్టి ఉంటుంది. కొనేవాడు రెండు సిగరెట్లు విడిగా అడుగుతాడు. ప్యాకెట్టు కొట్టువాడి దగ్గరే ఉండిపోతుంది, దాని మీది బొమ్మ కొనేవాడికి కనబడదు. బీడీ కట్ట మీద బొమ్మ ఉంటుంది, నాసిరకం కాగితం మీద ముద్ర అలుక్కుపోయి అది గొంతో మోకాలో తెలియదు. చుట్టకైతే కట్టే లేదు. లంక పొగాకు కొనుక్కొచ్చి ఇంట్లోనే చుట్టుకునే ముసలమ్మకు హెచ్చరిక ఎక్కడ అంటిస్తారు? అంటే బొమ్మలు వద్దని కాదు. బొమ్మ చేరనిచోటికి మనిషి చేరాలి.

మనిషి చేరుతున్నాడా? గ్యాట్స్ రెండో సర్వేలో పెద్దవాళ్లలో 92 శాతం పైగా పొగ వల్ల తీవ్రమైన జబ్బులొస్తాయని తమకు తెలుసన్నారు. పొగతాగేవాళ్లలో 55 శాతం పైగా మానాలని అనుకుంటున్నామన్నారు. అదే ఏడాదిలో వైద్యుల దగ్గరికో ఆసుపత్రికో వెళ్లిన పొగరాయుళ్లలో, మానమని సలహా దొరికింది 48.8 శాతానికే. తెలియక తాగుతున్నారని మనం ఇంకా అనుకుంటున్నాం. వాళ్లకు తెలుసు. మానాలనీ ఉంది. సగానికి పైగా రోగులతో ఆ మాట ఎత్తనిది మన తెల్లకోటువాళ్లమే.

మాట ఎత్తితే ఎంత ఫలితం ఉంటుందో కూడా నిజాయితీగా చెప్పాలి. ఢిల్లీలో పేదల బస్తీల్లో జరిగిన ఒక పరీక్షలో ఇంటికి వెళ్లి పావుగంట సలహా చెప్పి, శ్వాస వ్యాయామం నేర్పితే, ఆరు నెలల తర్వాత మానేసి నిలబడ్డవాళ్లు 2.6 శాతం. ఒక్క నిమిషం మాటతో సరిపెట్టినచోట 0.5 శాతం. వందకు ఇద్దరు ముగ్గురేనా అని పెదవి విరవకండి. 26 కోట్ల మందిలో వందకు ఇద్దరంటే అర కోటి పైగా మనుషులు. నికోటిన్ చూయింగ్ గమ్, మందులు తోడైతే ఇంకా ఎక్కువ. మానడానికి వయసు మీరిపోవడం అంటూ లేదు. బ్రిటిష్ డాక్టర్లను 1951 నుంచి యాభై ఏళ్లు గమనించిన డాల్, పీటో బృందం 2004లో తేల్చింది ఇదీ: అరవయ్యో ఏట మానితే మూడేళ్లు, యాభయ్యో ఏట ఆరేళ్లు, నలభయ్యో ఏట తొమ్మిదేళ్లు, ముప్పయ్యో ఏట మానితే పోవలసిన పదేళ్లూ దాదాపుగా తిరిగొస్తాయి.

వైద్య విద్యార్థులకు ఒక మనవి. పొగతాగుతావా అని అడిగి ఊరుకోకండి. అడ్డపొగ తాగే ముసలమ్మ "లేదు బాబూ" అంటుంది, ఆమె దృష్టిలో పొగతాగడం అంటే సిగరెట్టు, అది మగవాళ్ల పని. చుట్టా, బీడీయా, ఖైనీయా, గుట్కాయా అని పేరుపేరునా అడగండి. చుట్ట అంటే, నిప్పు లోపలికా బయటికా అని అడగండి. కట్టుడు పళ్లుంటే తీయించి అంగిలి చూడండి. మచ్చ కనబడితే ఆమెకు అద్దంలో చూపించండి. కాన్సర్ కాకముందు పట్టుకుంటే, చుట్ట మానితే చాలావరకు తగ్గుముఖం పడుతుంది.

ఆశా కార్యకర్తలకూ ఒక మనవి. ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతివాళ్లకూ నోటి కాన్సర్ పరీక్ష ఐదేళ్లకోసారి జరగాలని జాతీయ కార్యక్రమ నిబంధనల్లో ఉంది. మీరు నింపే ఫారంలో పొగాకు ప్రశ్న ఉంది. ఆ గడిలో లేదు అని టిక్కు పెట్టేముందు ఇంట్లో పెద్దావిడను కూడా అడగండి, మగవాళ్లు చెప్పినదానితో సరిపెట్టుకోకండి. మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ క్విట్‌లైన్ నంబరు ఇవ్వండి: 1800-11-2356. డబ్బు పడదు, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. ఈ నంబరు సిగరెట్టు ప్యాకెట్టు మీదా బీడీ కట్ట మీదా అచ్చువేస్తారు. చుట్ట తాగేవాళ్లకు మాత్రం మీరే చెప్పాలి.